రక్తనాళాల లోపొర చచ్చిన కణాలను నిజంగానే తింటుందా? ఒక పాథాలజిస్టు సమాధానం

మీరు రాసినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. డెబ్బై దాటిన మీ నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి. బంధువులెవరో ఒక వీడియో పంపారు. రక్తనాళాల లోపలి పొర చచ్చిపోయిన కణాలను తినేసి రక్తాన్ని శుభ్రం చేస్తుందని, వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుందని, ఫలానా పొడి వాడితే మళ్లీ వస్తుందని అందులో చెప్పారు. ఆ పొర నిజంగా అలా చేస్తుందా అన్నది మొదటి ప్రశ్న. పొడి కొనాలా అన్నది రెండోది. ఇంట్లో గ్లూకోమీటరు ఎక్కువ చూపిస్తుంటే ల్యాబులో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.1 మాత్రమే ఎందుకు వచ్చిందన్నది మూడోది. దీన్ని మీరు చివర్లో మాటవరసకు అడిగినట్టు రాశారు కానీ, మీ నాన్నగారికి ఈ మూడింటిలో అత్యవసరమైనది అదే. దానికీ మొదటి ప్రశ్నకూ దగ్గరి సంబంధం ఉంది కాబట్టి వరసగా వస్తాను.

మొదటిదానికి జవాబు అవును. రెండోదానికి వద్దు. ఈ రెంటికీ నడుమ ఉన్న విషయం వీడియోలో చెప్పినదానికన్నా చాలా లోతైనది. హైదరాబాద్‌లోనే చాలా ఏళ్లుగా రక్తపు స్లైడ్లు చూస్తూ, వైద్య విద్యార్థులకు పాథాలజీ చెబుతూ ఉన్నదాన్ని. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. ఓపికగా చదవండి.

ముందు మన ఒంట్లో రోజూ పోయే కణాలెన్నో చూడండి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన రాన్ సెండర్, రాన్ మిలో 2021లో వేసిన లెక్క ప్రకారం రోజుకు సుమారు 33,000 కోట్ల కణాలు పోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. తూకంలో 80 గ్రాముల దాకా ఉంటాయి. సంఖ్యలో నూటికి ఎనభై అయిదుకు పైగా రక్తకణాలే. ఒక్క ఎర్రకణాల సంగతే తీసుకుంటే, సెకనుకు 20 లక్షలకు పైగా ఆయుష్షు తీరి వెళ్లిపోతుంటాయి. ఇన్ని పోతున్నా, ఆరోగ్యవంతుడి కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి వెతికితే చచ్చిన కణం అరుదుగానే కనిపిస్తుంది. చావడం అరుదై కాదు, చచ్చిన వెంటనే ఎవరో ఒకరు తినేయడం వల్ల.

చావబోయే కణాన్ని పక్కనున్న కణం ఎలా గుర్తుపడుతుంది? ప్రతి కణానికీ రెండు వరుసల కొవ్వు పొర ఉంటుంది. అందులో ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం, కణం బతికున్నంత కాలం, లోపలి వరుసలోనే ఉంటుంది. అది బయటి వరుసలోకి జారితే వెంటనే దాన్ని లోపలికి తిప్పే ప్రొటీన్లు నిరంతరం పని చేస్తుంటాయి. కణం అపోప్టోసిస్ దారి పట్టినప్పుడు, అంటే పద్ధతి ప్రకారం తనను తాను ముగించుకునేటప్పుడు, ఈ తిప్పే ప్రొటీను తెగిపోతుంది. రెండు వరుసలనూ కలగాపులగం చేసే మరో ప్రొటీను మేల్కొంటుంది. జపాన్‌లో షిగెకాజు నగాటా బృందం 2013, 2014లలో ఈ రెండు ప్రొటీన్లనూ పట్టుకుంది. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ బయట కనిపించడమే 'నన్ను తినేయండి' అనే సంకేతమని వాలరీ ఫాడోక్ తదితరులు 1992లోనే చూపించారు.

ఎర్రకణాల తీరు కొంచెం వేరు. వాటికి కేంద్రకం లేదు కాబట్టి అందరిలా అపోప్టోసిస్ జరగదు. సుమారు 120 రోజుల ప్రయాణంలో అవి పైపొరను కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటాయి, చిన్నబడతాయి, లోపలి హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది, వంగే గుణం తగ్గుతుంది. పైన ఉండే ప్రొటీన్లు గుంపులు కట్టి, వాటి మీద యాంటీబాడీలు అతుక్కుంటాయి. కొన్నింటిలో ఫాస్ఫాటిడైల్‌సెరీన్ కూడా బయటపడుతుంది.

ఇలాంటివాటిని తినడమే వృత్తిగా ఉన్నవి మాక్రోఫేజ్‌లు. ప్లీహంలో (స్ప్లీన్), కాలేయంలో, ఎముక మజ్జలో ఈ రక్షణ కణాలు కాచుకుని ఉంటాయి. ముసలి ఎర్రకణాన్ని మింగి, హిమోగ్లోబిన్‌ను విడగొట్టి, ఇనుమును తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఇలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము మళ్లీ వాడుకలోకి వస్తుంది. తిండి నుంచి మనం గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. కాబట్టి రక్తాన్ని శుభ్రం చేసే ప్రధాన యంత్రాంగం రక్తనాళాల లోపొరే అని వీడియోలో చెప్పిన మాట తప్పు. ఆ పేరు మాక్రోఫేజ్‌లకే చెందుతుంది.

మరి లోపొర కణాలు, అంటే ఎండోథీలియల్ కణాలు, చేసేది ఏమిటి? మన కాలనీల్లో చెత్త బండి ఒక వేళకు వచ్చి వెళుతుంది, వాకిలి మాత్రం ఎవరింటివారే ఊడ్చుకుంటారు. ఎండోథీలియల్ కణాల పని ఆ రెండో రకం. గుండె నుంచి కాలివేలి కొస దాకా ప్రతి నాళానికీ లోపల ఒకే వరుసలో పరుచుకుని ఉంటాయివి. అతి సన్నని నాళాలైన కేశనాళికల్లో చాలాచోట్ల వాటి మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. రక్తాన్ని రాత్రింబవళ్లు తాకుతూ ఉండేవి అవే. చచ్చిన కణం వచ్చి తమ మీద అతుక్కుంటే, మాక్రోఫేజ్ వచ్చేదాకా ఆగకుండా తామే మింగగలవు.

దీనికి గట్టి ఆధారం జపాన్ నుంచే వచ్చింది. 1997లో తత్సుయా సావమురా, తోమో మసాకి బృందం క్యోటోలో ఆవు బృహద్ధమని ఎండోథీలియల్ కణాల నుంచి ఒక గ్రాహకాన్ని, అంటే కణం పైన ఉండి ఒక పదార్థాన్ని పట్టుకునే ప్రొటీనును, వేరుచేసింది. ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్‌ను, అంటే చెడిపోయిన చెడు కొలెస్టరాల్‌ను, ఎండోథీలియల్ కణం పట్టుకునేది దీనితోనే. పేరు లాక్స్-1. మరుసటి ఏడాది అదే బృందం ఇంకొక విషయం చూపించింది. ముసలి ఎర్రకణాలను, అపోప్టోసిస్‌లో ఉన్న కణాలను ఈ ఎండోథీలియల్ కణాల మీద వదిలితే అవి పట్టుకుంటాయి. లాక్స్-1ను అడ్డుకునే యాంటీబాడీ వేస్తే పట్టుకోలేవు. మామూలుగా ఈ పని చేయని వేరే రకం కణాల్లో లాక్స్-1 జన్యువును పెడితే, అవి కూడా ముసలి ఎర్రకణాలను మింగడం మొదలుపెట్టాయి. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ బిందువులను కలిపితే ఆ పట్టు సడలింది. అంటే గుర్తుపట్టేది ఆ సంకేతాన్నే.

ఇక్కడ కాసేపు ఆగండి, మీ నాన్నగారికి సంబంధించిన అసలు విషయం ఇక్కడే ఉంది. ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్‌ను కలిపినా ఆ పట్టు సడలింది. ముసలి కణానికీ, చెడిన కొలెస్టరాల్‌కూ ఉన్నది ఒకే గ్రాహకం. చెడిన కొలెస్టరాల్ దాన్ని ఆక్రమిస్తే ముసలి కణానికి చోటు ఉండదు. ఇది గాజు పాత్రలో జరిగిన ప్రయోగం, మనిషి ధమనిలో ఇంతే కొలతలో జరుగుతుందని నేను అనను. కానీ దిశ స్పష్టంగా ఉంది. పైగా లాక్స్-1 అన్నది తిని ఊరుకునే గ్రాహకం కాదు. చెడిన ఎల్‌డీఎల్ దానికి తగిలితే కణం లోపల వాపు సంకేతాలు మొదలవుతాయి, తెల్లకణాలను పట్టిలాగే అణువులు పైకి వస్తాయి, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. షుగరు ఎక్కువైనా, బీపీ పెంచే యాంజియోటెన్సిన్ ఎక్కువైనా ఈ గ్రాహకం సంఖ్య పెరుగుతుంది. అలా పెరగడం శుభ్రత పెరిగిందనడానికి గుర్తు కాదు, పొర చిరాకులో ఉందనడానికి గుర్తు. 2007లో జవహర్ మెహతా బృందం లాక్స్-1 జన్యువు లేని ఎలుకల్లో ధమనుల పూడిక తక్కువగా ఉందని చూపించింది. 'మింగే శక్తిని పెంచుతాం' అని అమ్మేవాళ్లు ఈ ఒక్క ఫలితానికి జవాబు చెప్పగలగాలి. గ్రాహకం తీసేస్తే నాళం బాగుపడిందంటే, దాన్ని పెంచే పొడి మేలు చేస్తుందని ఎలా నమ్మాలి?

ఎండోథీలియల్ కణం చచ్చిన కణాన్ని పట్టుకోవడానికి లాక్స్-1 ఒక్కటే కాక వేరే దారులూ ఉన్నాయి. లాక్టడెరిన్ అనే ప్రొటీను ఒక చేత్తో ఫాస్ఫాటిడైల్‌సెరీన్‌ను, మరో చేత్తో ఎండోథీలియల్ కణం మీది ఇంటిగ్రిన్ అనే గ్రాహకాన్ని పట్టుకుని రెంటినీ కలుపుతుంది. ప్లేట్‌లెట్ల తునకలను ఎండోథీలియల్ కణాలు లోపలికి తీసుకోవడంలో దీని పాత్ర ఉంది. వాటి జాబితా పెద్దది, అంత అవసరం లేదు.

కాలేయం విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. కాలేయంలోని సన్నని రక్తమార్గాల గోడలకున్న ఎండోథీలియల్ కణాలు ఒంట్లో మిగతా చోట్ల ఉన్నవాటిలాంటివి కావు. వాటి నిండా జల్లెడ రంధ్రాలు, ఒక్కొక్కటి 50 నుంచి 200 నానోమీటర్ల వెడల్పు. కింద ఆధార పొర ఉండదు. కాలేయ కణాల్లో సంఖ్యకు ఇవి 15 నుంచి 20 శాతమే, ఘనపరిమాణంలో మూడు శాతం కూడా మించవు. అయినా రక్తంలోని వ్యర్థ అణువులను లాగేసే వేగంలో ఒంట్లో వీటికి సాటి వచ్చేవి చాలా తక్కువ. పక్కనే ఉండే కుఫర్ కణాలు, అంటే కాలేయపు మాక్రోఫేజ్‌లు, పెద్ద ముక్కలు తింటాయి. ఎండోథీలియల్ కణాలు సాధారణంగా చిన్న రేణువులతో సరిపెట్టుకుంటాయి. కుఫర్ కణాలు దెబ్బతిన్నప్పుడు మాత్రం ఇవే ముందుకొచ్చి పెద్దవాటినీ మింగుతాయి. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ బయటపడ్డ ఎర్రకణాలను స్టాబిలిన్-1, స్టాబిలిన్-2 అనే గ్రాహకాలతో ఇవి పట్టుకుంటాయని 2011లో కొరియా శాస్త్రవేత్తలు చూపించారు.

అదే 2011లో జర్మనీ నుంచి వచ్చిన పరిశోధన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఈ రెండు స్టాబిలిన్‌లూ లేని ఎలుకలను పెంచారు. లోపం కాలేయపు ఎండోథీలియంలో ఉంది. దెబ్బతిన్నది మూత్రపిండం! కాలేయం ఆపలేకపోయిన వ్యర్థాలు వెళ్లి మూత్రపిండంలోని వడపోత గుచ్ఛాలను గట్టిపరిచాయి. రెంటిలో ఒకటే లేని ఎలుకలకు అంత కీడు జరగలేదు. ఒక అవయవపు లోపొర మానుకున్న పని ఇంకో అవయవాన్ని పాడు చేస్తుందంటే ఈ శుభ్రత ఎంత పెద్ద వ్యవస్థో ఊహించండి. అయితే 2022లో ఇవే స్టాబిలిన్‌లను అడ్డుకుంటే ఎలుకల ధమనుల్లో పూడిక తగ్గిందని మరో జర్మన్ అధ్యయనం చెప్పింది. ఒకే గ్రాహకం మూత్రపిండానికి రక్ష, ధమనికి చేటు. శరీరంలో ఏ మీటనూ ఒకవైపే నొక్కి లాభం పొందలేమని నేను విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ రెండు పరిశోధనలనూ పక్కపక్కన పెడతాను.

ఇక నా వృత్తిలో ఎదురయ్యే సంగతి. ప్లీహంలో ఎండోథీలియల్ కణాలు పొడవాటి కదురుల ఆకారంలో పక్కపక్కన పడుకుని ఉంటాయి. వాటి మధ్య సన్నని చీలికలు. వెడల్పు ఒక మైక్రాన్‌కు మించదు. ఎర్రకణం వ్యాసం ఏడెనిమిది మైక్రాన్లు. ప్లీహపు గుజ్జులోంచి మళ్లీ రక్తప్రవాహంలోకి రావాలంటే ప్రతి ఎర్రకణమూ ఈ చీలికలో ఇరుక్కుని, నలిగి, అవతలకు దూరాలి. వంగగలిగిన పడుచు కణం దాటుతుంది. బిరుసెక్కిన ముసలి కణం ఆగిపోతుంది, అక్కడే ఉన్న మాక్రోఫేజ్ దాన్ని తినేస్తుంది. కణం బాగానే ఉండి, లోపల ఏదో మిగిలిపోయి ఉంటే ఇంకా విచిత్రం: కణం దాటుతుంది, లోపలి గట్టి ముక్క మాత్రం చీలిక దగ్గర ఊడి వెనక పడిపోతుంది. చంపకుండానే శుభ్రం చేసి పంపడం అన్నమాట.

ఇది పుస్తకంలో చదివితే నమ్మబుద్ధి కాదు, స్లైడులో చూస్తే నమ్మక తప్పదు. ఏ ప్రమాదంలోనో ప్లీహం చితికి, శస్త్రచికిత్సలో తీసేసినవారి రక్తం కొన్నాళ్ల తర్వాత ల్యాబుకు వస్తుంది. లీష్‌మన్ రంగు వేసి, నూనె బొట్టు పెట్టి పెద్ద కటకం కింద చూస్తాం. గులాబీ రంగు ఎర్రకణాల మధ్య, అక్కడక్కడా ఒక కణం లోపల, అంచుకు దగ్గరగా, ముదురు ఊదా రంగులో గుండ్రటి చుక్క. అంచులు నున్నగా, ఒంటరిగా ఉంటుంది. అది ఎముక మజ్జలో కేంద్రకాన్ని బయటికి నెట్టేటప్పుడు మిగిలిపోయిన తునక. పేరు హోవెల్ జాలీ బాడీ. మామూలు మనిషిలో ఆ చీలికల దగ్గర ఇవి ఊడిపోతాయి కాబట్టి మాకు కనిపించవు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే సికిల్ సెల్ వ్యాధిగ్రస్తుల్లో, ఏ శస్త్రచికిత్సా లేకుండానే, ఇవి కనిపిస్తుంటాయి. కొడవలి కణాలు అడ్డుపడి చిన్నతనంలోనే వాళ్ల ప్లీహం ఎండిపోయి ఉంటుంది. ఆ చుక్క కనిపిస్తే చికిత్స చేసే వైద్యుడికి ఫోను చేసి, న్యుమోకాకస్ వంటి క్రిములకు టీకాలు వేశారా అని అడుగుతాను. ప్లీహం పని చేయని మనిషికి ఆ క్రిములు ప్రాణాంతకం.

మన ఊరివాళ్లకు ఒక మాట. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లోనే. ఆ కాలంలో ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి పిల్లల పొట్ట తడిమి ప్లీహం ఎందరికి ఉబ్బిందో లెక్కపెట్టేవారు. క్రిమి చేరిన ఎర్రకణం బిరుసెక్కి, పైన చెప్పిన చీలికల దగ్గర ఆగిపోవడం కూడా ఆ ఉబ్బుకు ఒక కారణం.

మెదడులో జరిగేది వీటన్నిటికన్నా సాహసం. మెదడు కేశనాళికలో చిన్న గడ్డ ఇరుక్కుని, కరగకుండా, రక్తవేగానికి కొట్టుకుపోకుండా ఉండిపోయిందనుకోండి. జైమ్ గ్రుట్‌జెండ్లర్ బృందం 2010లో, బతికున్న ఎలుకల మెదడును సూక్ష్మదర్శినితో రోజుల తరబడి చూసి రాసినది ఇది: ఎండోథీలియల్ కణం తన పొరను రేకులా చాపి ఆ గడ్డను చుట్టేస్తుంది. తర్వాత గడ్డకు బయటివైపు గోడ తెరుచుకుని, దాన్ని నాళంలోంచి బయటి కణజాలంలోకి నెట్టేస్తుంది. నాళం మళ్లీ పారుతుంది. దీనికి యాంజియోఫేజీ అని పేరు పెట్టారు. 2014లో గుండె, మూత్రపిండం, ఊపిరితిత్తుల్లోనూ ఇదే జరుగుతుందని చూపారు. మీ వీడియోలోని ఒక్క మాటకు ఇక్కడ ఆధారం దొరుకుతుంది: ముసలి ఎలుకల్లో ఈ పని నెమ్మదించింది, గడ్డ ఎక్కువ కాలం నిలిచిపోయి చుట్టుపక్కల నాడీకణాలకు ఎక్కువ హాని జరిగింది. వయసుతో ఈ శక్తి తగ్గుతుందన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయనిది అందుకే.

తినడం ప్రతిసారీ మేలే అనుకోకండి. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకల్లో ఎండోథీలియల్ కణాలు నాడీతంతువులను చుట్టి ఉండే కొవ్వు తొడుగు (మైలిన్) శిథిలాలను మింగుతాయని 2019లో అమెరికాలో ఒక బృందం చూపింది. ఫలితంగా అక్కడ మాక్రోఫేజ్‌లు గుమికూడి, మచ్చ కణజాలం పెరిగింది. మెదడు కేశనాళికల కణాలు పాడైన ఎర్రకణాలను మింగితే, హిమోగ్లోబిన్ నాళం దాటి మెదడులోకి చేరగలదని 2018లో ప్రయోగశాలలో చూశారు. పెద్దవాళ్ల ఎంఆర్‌ఐలలో కనిపించే చుక్కల్లాంటి రక్తస్రావపు ఆనవాళ్లలో కొన్నింటికి ఇదీ కారణం కావచ్చని వారి ఊహ. షుగరు వ్యాధిలో ఇది మరింత పట్టించుకోవాల్సిన సంగతి. ఎక్కువ చక్కెరలో నానిన ఎర్రకణాల పైపొర మారిపోయి, అవి నాళాల గోడకు ఎక్కువగా అతుక్కుంటాయని 1981 నుంచే తెలుసు. మీ నాన్నగారి లోపొరకు పని తగ్గడం కాదు, పని ఎక్కువై, పనిముట్టు చెడిపోవడం అసలు ఇబ్బంది.

'వయసు మీరిన కణాలు' అన్నప్పుడు వీడియోవాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. ఇంతవరకు చెప్పినది రక్తంలో తిరిగి ముసలిదై తొలగాల్సిన కణం. రెండో రకం, విభజన ఆపేసి చావకుండా ఉన్నచోటే నిలిచిపోయే కణం. లెనార్డ్ హేఫ్లిక్ 1961లో గుర్తించిన ఈ స్థితిని సెనెసెన్స్ అంటారు. ఇలాంటివి చుట్టుపక్కలకు వాపు రసాయనాలు వదులుతుంటాయి. వీటిని ఎక్కువగా తొలగించేవి సహజ హంతక కణాలు, మాక్రోఫేజ్‌లు. లోపొర కణాలు తామే ఈ స్థితిలోకి జారతాయి. వీటిని మందుతో చంపేస్తే యవ్వనం తిరిగి వస్తుందనే ఆశతో ఎన్నో పరిశోధనలు నడుస్తున్నాయి, వాటిలో కొన్ని నిజంగా ఆశ కలిగించేవే. కానీ 2020లో వచ్చిన ఒక అధ్యయనం తప్పక తెలుసుకోవాలి. ముసలి ఎలుకల్లో ఈ గుర్తులున్న కణాలను ఏరి తీసేశారు. వాటిలో పెద్ద భాగం పైన చెప్పిన కాలేయపు ఎండోథీలియల్ కణాలే. వాటి స్థానంలో కొత్తవి రాలేదు. కాలేయం మచ్చకట్టింది, ఎలుకల ఆరోగ్యం దిగజారింది. ముసలివైనా అవి రక్తంలోని వ్యర్థాలను లాగే పని చేస్తూనే ఉన్నాయి. వాటిని తీసేయడమే ఆ ఎలుకలకు ముప్పు తెచ్చింది.

కాబట్టి పొడి వద్దు. మీరు పంపిన లేబుల్ ఫొటోలో పదార్థాల పేర్లే తప్ప ఏది ఎంత ఉందో లేదు. ఇలా అమ్మే కొన్ని పొడుల్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో నమోదయ్యాయి. షుగరు, బీపీ ఉన్నవారి మూత్రపిండాలు అసలే ఒత్తిడిలో ఉంటాయి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపించి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

లోపొరకు మేలు చేసేవి ఏమిటని అడుగుతారు. అవి మీకు తెలిసినవే, అయినా ఎందుకు పని చేస్తాయో ఇప్పుడు వేరుగా అర్థమవుతుంది. ఎల్‌డీఎల్ తగ్గితే లాక్స్-1 మీద పడే భారం తగ్గుతుంది. వైద్యుడు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసి ఉంటే, కాళ్ల నొప్పులని మీకు మీరే ఆపేయకండి, ఆయనతో చెప్పి మోతాదు మార్పించుకోండి. బీపీ అదుపులో ఉంటే ఆ గ్రాహకం పెరగదు. పొగతాగడం ఎల్‌డీఎల్‌ను చెడగొట్టే పనుల్లో ముందుంటుంది. ఇక నడక. ధమనిలో రక్తం ఒకే దిశలో సాఫీగా పారే చోట ఎండోథీలియల్ కణాలు ప్రవాహం వైపు సాగి, ప్రశాంతంగా ఉంటాయి. మెడ దగ్గర ధమని రెండుగా చీలే చోట ప్రవాహం సుడులు తిరుగుతుంది, అక్కడే వాపు, అక్కడే పూడిక. నడిచేటప్పుడు ప్రవాహం పెరిగి గోడకు ఆ ఒరిపిడి తగులుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. మల్కాజిగిరిలో మీ ఇంటి దగ్గర పార్కు ఉందన్నారు. పొద్దున ట్రాఫిక్ పొగ మొదలుకాకముందే నడిపించండి. వెళ్లే ముందు షుగరు మరీ తక్కువగా లేదని చూసుకోండి, పాదాలకు సరైన బూట్లు వేయించండి.

పూడిక లోపల జరిగేదీ ఈ కథే. అక్కడ చచ్చిన కణాలను తినడం మందగించి, అవి చిట్లి, ముద్దలా పేరుకుంటాయి. ఆ ముద్ద పెద్దదైన పూడికే పగిలి గుండెపోటు తెస్తుంది. చచ్చిన కణాలే 'నన్ను తినవద్దు' అనే సీడీ47 ప్రొటీనును వదలకుండా పెట్టుకోవడం ఇందుకు ఒక కారణమని 2016లో స్టాన్‌ఫోర్డ్ బృందం చూపింది. దాన్ని అడ్డుకునే మందుల మీద పని జరుగుతోంది. రక్తహీనత వాటికి పెద్ద అడ్డంకి, ఎందుకంటే మంచి ఎర్రకణాలు తమను తినకుండా కాపాడుకునేదీ సీడీ47తోనే.

ఇప్పుడు హెచ్‌బీఏ1సీ. ఎర్రకణం తిరిగినంత కాలం దాని హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుంటూ ఉంటుంది. ఎంత ఎక్కువ కాలం తిరిగితే అంత ఎక్కువ అంటుకుంటుంది. 120 రోజుల ఆయుష్షు అన్న లెక్క మీదే ఈ పరీక్ష నిలబడి ఉంది. ఏ కారణం చేతనైనా ప్లీహం ఎర్రకణాలను ముందుగానే లాగేస్తుంటే, రక్తంలో అన్నీ పడుచు కణాలే ఉంటాయి, వాటికి చక్కెర అంటుకునే వ్యవధి ఉండదు. షుగరు ఎక్కువున్నా అంకె తక్కువ వస్తుంది.

మీ అంకెలనే చూద్దాం. 6.1 అంటే సగటు షుగరు సుమారు 128 ఉండాలి. ఇంట్లో మీరు రాసుకున్నవి పరగడుపున 170 నుంచి 180, తిన్నాక 240 పైన. ఈ రెండూ ఒకే మనిషివి కావడానికి వీల్లేదు, రెంటిలో ఏదో ఒకటి తప్పు చెబుతోంది. ముందు గ్లూకోమీటరును అనుమానించండి: స్ట్రిప్పుల గడువు చూడండి, పండు తిన్న చేతిని కడగకుండా వేలు పొడిచారేమో గుర్తుచేసుకోండి. ల్యాబులో రక్తం ఇచ్చిన నిమిషంలోనే మీ మీటరుతోనూ చూసి పోల్చండి. 15 శాతం లోపు తేడా ఉంటే మీటరు బాగున్నట్లే.

మీటరు బాగుంటే ఎర్రకణాల ఆయుష్షు తగ్గిందేమో చూడాలి. ఈమధ్య రక్తం ఎక్కించారా, మలం నల్లగా వస్తోందా, డయాలసిస్‌కు గాని, రక్తం పెరిగే ఇంజెక్షన్లకు గాని వెళుతున్నారా, కాలేయ వ్యాధి ఉందా అన్నవి వైద్యుడికి చెప్పండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో, కొన్ని రకాల హిమోగ్లోబిన్ మార్పులు ఉన్నవారిలో కూడా ఈ అంకె నమ్మదగ్గది కాదు. ఇనుము లోపంలో ఇది తిరగబడుతుంది, అంకె అసలుకన్నా ఎక్కువ వస్తుంది. అందుకే ఒక్క హెచ్‌బీఏ1సీ చూసి మాత్రలు తగ్గించుకోవద్దు. ఆయన రాత్రి మాత్ర మానేశారని మీరు రాసింది చదివి నాకు ఆందోళన కలిగింది. ఈరోజే వైద్యుడికి ఫోను చేసి చెప్పండి.

చేయించాల్సినవి పెద్ద ఖర్చువేమీ కావు. సంపూర్ణ రక్తకణ పరీక్ష, రెటిక్యులోసైట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల) శాతం, పెరిఫెరల్ స్మియర్ (రక్తపు స్లైడు), ఎర్రకణాలు ఎక్కువగా పోతుంటే పెరిగే బిలిరుబిన్, ఎల్‌డీహెచ్. షుగరు కొలతకు హెచ్‌బీఏ1సీ బదులు ఫ్రక్టోసమిన్ అడగండి. అది ఎర్రకణాలతో నిమిత్తం లేకుండా గత రెండు మూడు వారాల సగటు చెబుతుంది. రెటిక్యులోసైట్లు, బిలిరుబిన్ రెండూ పెరిగి ఉంటే ప్లీహం పరిమాణం చూడటానికి కడుపు అల్ట్రాసౌండ్ కూడా రాస్తారు. స్మియర్ రిపోర్టులో 'నార్మల్' అన్న ఒక్క మాటతో సరిపెడితే, కణాల ఆకారం, లోపలి చుక్కల గురించి వివరంగా రాయమని ల్యాబువాళ్లను అడగండి. అలా అడిగే హక్కు మీకుంది, రాయడం మా పని. రిపోర్టులు వచ్చాక పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి అంకెలు పంపండి, చూసి చెబుతాను.